కాంట్రాక్టు కంప్యూటరు ఉద్యోగులు - సర్టిఫికెట్ల సమస్య

ఆర్.ఎం.ఎస్. ‘వై’ డివిజనులో పనిచేయు ఒక సభ్యుని నుండి గత మాసం మాకు ఒక ఉత్తరం వచ్చినది. ఇది యూనియను విషయం కాదు, కుటుంబ విషయం, అని ముందుగానే క్షమాపణ చెప్పుకొని ఆయన వ్రాసిన సంగతి ఇది. కుమారుడు బి.టెక్. చదివి, ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు పద్ధతిపై కంప్యూటరు ఇంజనీరుగా నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. ఇప్పుడు మూడు సర్టిఫికెట్లు సంపాదించవలెనని, శిక్షణకు పరీక్షలకు కలిపి లక్షా ఇరవై వేలు కావలెనని తండ్రిని అడుగుతున్నాడు. రిటైరుమెంటుకు ఆయనకు మూడేళ్లు మిగిలి ఉన్నవి. ప్రావిడెంటు ఫండు నుండి తీసి ఇవ్వవచ్చునా, ఆ సొమ్ముకు ఫలితం ఉంటుందా, మీరు ఢిల్లీ వెళ్లివచ్చేవారు గనుక విచారించి చెప్పండి, అని ఆయన కోరినారు.

కుటుంబ విషయమని ఆయన అనుకొన్నారు. మేము అట్లా తలచడం లేదు. మన రైల్వే కాలనీలలోను, పోస్టల్ క్వార్టర్లలోను ఏ వీధిలో విచారించినా కంప్యూటరు రంగంలో పనిచేయు బిడ్డలు కనిపిస్తారు. విదేశాలకు వెళ్లినవారి కథలే మన చెవిన పడతాయి. ఏడాదికొక ఒప్పందంతో ప్రభుత్వ కార్యాలయంలోనే కూర్చుండి, ప్రభుత్వ పని చేస్తూ, ప్రభుత్వోద్యోగులు కానివారి కథలు చెప్పేవారు తక్కువ. ఆ బిడ్డలు చదువు ముగిసిన తరువాత కూడ పరీక్షలు వ్రాస్తూనే ఉన్నారు. ఆ ఫీజులు మన పొదుపులో నుండి పోతున్నవి. అందుచేత ఇది యూనియను పత్రికలో చర్చించదగిన విషయమే.

ఫెడరేషను పనిపై ఢిల్లీ వెళ్లినప్పుడు ఒక ఆదివారం సాయంకాలం మేము ఆ యువకుని చూడబోయినాము. అతడు ఉండేది ఆర్.కె. పురం పక్కన మహమ్మద్‌పూర్‌లో. రామకృష్ణ పరమహంస పేరు పెట్టిన ఈ ఆర్.కె. పురం సెక్టార్లుగా విభజింపబడిన ప్రభుత్వోద్యోగుల కాలనీ. 110022 పిన్‌కోడు గల ఉత్తరాలను మన సార్టింగు సోదరులు వేల సంఖ్యలో విడదీసి ఉంటారు. గుట్టపై మలై మందిరం, సెక్టారు ఒకటిలో సేవాభవనం, ఈస్టు బ్లాకు, వెస్టు బ్లాకు, ఆ పక్కనే పాస్‌పోర్టు కార్యాలయం ఉన్న భికాజీ కామా ప్లేస్. క్వార్టర్లలో ఉండేది పర్మనెంటు ఉద్యోగులు. అవే కార్యాలయాలలో కంప్యూటర్ల ముందు కూర్చుండే కాంట్రాక్టు పిల్లలు మునిర్కాలో, మహమ్మద్‌పూర్‌లో ఇరుకు గదులు అద్దెకు తీసుకొని ఉంటారు. ఉదయం ఇద్దరూ ఒకే గేటులో ప్రవేశిస్తారు. ఒకరి మెడలోని కార్డుపై శాఖ పేరు ఉంటుంది, రెండవవారి కార్డుపై ఏజెన్సీ పేరు ఉంటుంది.

మేము వస్తున్నామని తెలిసి అయిదుగురు తెలుగు పిల్లలు ఆ గదిలో చేరినారు. కుర్చీ ఒక్కటే, అది మాకిచ్చి వారు మంచంపై, నేలపై కూర్చున్నారు. శ్రీకాకుళం నుండి వచ్చిన ఒకరు తొమ్మిదేళ్లుగా ఒకే కార్యాలయంలో పనిచేస్తున్నారు. ఆ తొమ్మిదేళ్లలో కుర్చీ మారలేదు, చేసే పని మారలేదు. ఏజెన్సీ మాత్రం మూడుసార్లు మారినది. వారు చెప్పిన సంగతులలో ఒకటి యథాతథంగా పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఏజెన్సీ పేరు, కార్యాలయం పేరు వ్రాయడం లేదు. వ్రాస్తే ముందుగా పోయేది ఆ పిల్లల ఉద్యోగాలే.

రెండేళ్ల క్రిందట ఒప్పందం గడువు ముగియవచ్చినది. కొత్త టెండరు రానున్నది. ఏజెన్సీ అధికారి ఎనిమిది మందిని పిలిచి, అరవై రోజులలో ఫలానా కంపెనీ వారి క్లౌడు సర్టిఫికెట్టు అందరూ తీసుకోవలెనన్నాడు. ఫీజు 150 డాలర్లు, పైన పన్ను. ఎవరిది వారే కట్టుకోవలెను. చదువుకొనడానికి సెలవు లేదు. కార్యాలయం వదిలిన తరువాత రాత్రి పదకొండు, పన్నెండు వరకు చదివి అయిదుగురు ఉత్తీర్ణులైనారు, ముగ్గురు కాలేదు. ఆ అయిదుగురి పేర్లు, సర్టిఫికెట్ల నకళ్లు టెండరు కాగితాలకు జతపరచినారు. ఏజెన్సీకి టెండరు దక్కినది. తరువాతి నెల జీతపు చీటీ చూచుకొంటే ఒక్క రూపాయి పెరగలేదు. అడిగితే, మీ రేటు అనుభవాన్ని బట్టి నిర్ణయమైనది, సర్టిఫికెట్టును బట్టి కాదు, అని సమాధానం. ఇక తప్పిన ముగ్గురిలో ఇద్దరిని ఆరు నెలలలో తొలగించి, ఆ సర్టిఫికెట్టు కలిగిన కొత్తవారిని తక్కువ జీతంపై తెచ్చినారు. ఆ కొత్తవారికి అక్కడి పాత వ్యవస్థ అంతు చిక్కక, తొలగింపబడిన ఆ ఇద్దరికే రెండు వారాల పాటు ఫోను చేసి అడిగి పని నడిపించినారట! వారు చెప్పినారు కూడ. మేమైతే చెప్పి ఉండేవారము కాము. కాని ఆ పిల్లలు మంచివారు.

ఈ ఒక్క ఉదంతాన్ని జాగ్రత్తగా పరిశీలిస్తే సమస్య స్వరూపం తెలుస్తుంది. సర్టిఫికెట్టు పనికిరానిది కాదు. దాని వలన టెండరే వచ్చినది! కాని దాని విలువ దానిని సంపాదించినవానికి చేరలేదు. ప్రభుత్వ శాఖలు నేడు కంప్యూటరు పనిని మనుష్యుల నెలల లెక్కన కొనుగోలు చేస్తున్నవి. కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు పనుల కొరకు 1976లో జాతీయ సమాచార కేంద్రం, అనగా ఎన్.ఐ.సి., ఏర్పడినది. దాని క్రింద 1995లో నిక్సీ అనే సంస్థ ఏర్పడినది. ఏజెన్సీల జాబితా ఒకటి ఆమోదించి, వాటి ద్వారా శాఖలకు మనుష్యులను సరఫరా చేయడం దాని పనులలో ఒకటి. ఇక పెద్ద పనులకు శాఖలు స్వయంగా పిలిచే టెండర్లలో ధరతోపాటు నాణ్యతకు మార్కులు వేసే పద్ధతి ఉన్నది. ముఖ్యమైన సిబ్బంది విద్యార్హతలు, అనుభవం, సర్టిఫికెట్లు ఆ మార్కులలో చేరతాయి. ఆ మార్కులు పోయేది ఏజెన్సీ ఖాతాలోకి. తన సొమ్ముతో, తన నిద్రతో సంపాదించుకొన్న అర్హత ఇంకొకరి అర్హతగా లెక్కకు వస్తున్నదన్నమాట. జీతం మాత్రం ఏజెన్సీకీ ఉద్యోగికీ మధ్య ఉన్న వేరొక కాగితంపై ఆధారపడి ఉంటుంది. ఆ కాగితంలో సర్టిఫికెట్టు ప్రస్తావన ఉండదు.

మన సంస్థలలో పరీక్షలు లేవా? ఉన్నవి. రైల్వేలో ఖలాసీ హెల్పరు ట్రేడు టెస్టులో ఉత్తీర్ణుడైతే ఖాళీని బట్టి టెక్నీషియను గ్రేడు-3 అవుతాడు. ఆ గ్రేడుకు ఒక వేతన స్థాయి ఉన్నది. స్టేషను మాస్టరు కాంపిటెన్సీ సర్టిఫికెట్టు లేనిదే ప్యానెలు వద్ద కూర్చుండరాదు. దానికి కూడ గడువు ఉన్నది. గడువు లోపల రిఫ్రెషరు కోర్సుకు మౌలాలి జోనల్ శిక్షణాలయానికి పంపుతారు. పంపడం యాజమాన్యం బాధ్యత, శిక్షణాకాలం డ్యూటీగా లెక్క, జీతం యథాతథం. తపాలా శాఖలో మైసూరు శిక్షణ కేంద్రానికి వెళ్లిన వారికీ అంతే. పోస్టుమాను డిపార్టుమెంటల్ పరీక్షలో నెగ్గి ఖాళీని బట్టి పోస్టల్ అసిస్టెంటు అయితే హోదా మారుతుంది, జీతం మారుతుంది. అనగా సర్టిఫికెట్టుకు గడువు ఉండడం దోషం కాదు. పరీక్ష కష్టంగా ఉండడం దోషం కాదు. పరీక్షకు, వేతనానికి మధ్య లంకె ఉన్నదా, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు, తప్పినవానికి మరల అవకాశం ఉన్నదా అనునవే ప్రశ్నలు. మన పెద్దలు ఈ లంకె కొరకు ఎన్ని సంప్రదింపులు జరిపినారో, ఎన్ని మెమోరాండాలు వ్రాసినారో పాత సభ్యులకు తెలుసు. అది ఆకాశం నుండి ఊడిపడినది కాదు.

కంప్యూటరు మన సంస్థలకు వచ్చిన తీరు జ్ఞాపకం చేసుకొందాము. 1985లో ఢిల్లీలో రిజర్వేషన్లకు కంప్యూటరు పెట్టినారు. ప్రభుత్వరంగ సంస్థగా ఉన్న సి.ఎం.సి. దానిని నిర్మించినది. మరుసటి ఏడాది రైల్వే వారి స్వంత కంప్యూటరు సంస్థ క్రిస్ ఏర్పడినది, అది ఆర్.కె. పురానికి దూరం కాని చాణక్యపురిలోనే ఉన్నది. ఆ సంస్థ రూపొందించిన ‘కాన్సర్టు’ వ్యవస్థ 1994లో మన సికిందరాబాదులో అమలులోకి వచ్చినది. లావుపాటి రిజిస్టర్లలో పేర్లు వ్రాసుకొనే రిజర్వేషను గుమస్తాలు, అప్పటికి యాభై దాటినవారు కూడ, పనివేళలలో జీతంతో ఆ యంత్రం నేర్చుకొన్నారు. ఏ విదేశీ కంపెనీకి ఫీజు కట్టలేదు. ఉద్యోగం మనిషిది గనుక పని మారినప్పుడు మనిషికి నేర్పవలసి వచ్చినది. తంతి విభాగంలోనూ ఇదే జరిగినది. మోర్సు సంకేతాలు నేర్చినవారి విద్యకు కాలం చెల్లినది. 2013 జులైలో టెలిగ్రాము సేవయే మూతపడినది. విద్య పోయినది గాని వారి ఉద్యోగాలు పోలేదు. ఇతర పనులకు మార్చినారు. కాంట్రాక్టు ఇంజనీరు విద్యకు కాలం చెల్లితే మార్చేవారు ఎవరు? ఏజెన్సీ ఆ మనిషిని తీసివేసి వేరొక మనిషిని తెస్తుంది. నేర్పే ఖర్చు లేకపోవడమే ఈ పద్ధతిలో యాజమాన్యాలకు ఉన్న ఆకర్షణ. సర్టిఫికెట్టు మోజును విడిగా చూడరాదని మేమనడం ఇందుకే.

ఇక ఈ కంపెనీ సర్టిఫికెట్ల ఆయుర్దాయం ఎంత? సిస్కో వారి సి.సి.ఎన్.ఏ. మూడేళ్లు, పరీక్ష ఫీజు 300 డాలర్లు, మన డబ్బులో పాతికవేలకు పైమాటే. అమెజాన్ వారి క్లౌడు సర్టిఫికెట్లు మూడేళ్లు. మైక్రోసాఫ్టు వారి ప్రస్తుత సర్టిఫికెట్లలో పై స్థాయివి ఒక్క ఏడాది మాత్రమే. అయితే వాటిని ఇంటినుండి ఫీజు లేకుండ పునరుద్ధరించుకోవచ్చును, అది మెచ్చుకోదగిన సంగతి. అదే మైక్రోసాఫ్టు ఒకప్పుడు ప్రపంచమంతా పేరుమోసిన ఎం.సి.ఎస్.ఇ. పరీక్షను 2021 జనవరి 31తో ముగించివేసినది. 1990 ప్రాంతాలలో నోవెల్ కంపెనీ ఇంజనీరు సర్టిఫికెట్టు ఉన్నవాడంటే కంప్యూటరు లోకంలో ఒక గౌరవం ఉండేది. ఆ కంపెనీ సరుకు బజారులో నిలువలేదు, దానితోపాటు ఆ కాగితమూ పోయినది. రైలు టిక్కెట్టుకు గమ్యం వరకు చెల్లుబాటు ఉంటుంది. ఈ టిక్కెట్టు ఎక్కడిదాకా చెల్లుతుందో అమ్మినవాడే మధ్యలో నిర్ణయిస్తున్నాడు.

మన తెలుగునాట ఈ వ్యాపారం ఎట్లా సాగినదో హైదరాబాదు అమీర్‌పేట వీధులను చూచినవారికి చెప్పనక్కరలేదు. 2000 సంవత్సరం సమీపిస్తున్నప్పుడు పాత కంప్యూటర్లలో తేదీల చిక్కు వచ్చినది. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చినవారికి గిరాకీ పెరిగినది. మైత్రీవనం చుట్టుప్రక్కల మెట్లపైన కూడ శిక్షణాలయాల బోర్డులు. మన సభ్యులలో ఎందరో సొసైటీ అప్పు తీసి పిల్లలను చేర్పించినారు. కొందరు బాగుపడినారు, కాదనము. తేదీల పని తీరిపోయి, 2001లో అమెరికాలో ఆ రంగం కుంగినప్పుడు, చేతిలో కాగితం ఉండీ పని లేని పిల్లలు ఎందరో తేలినారు. తరువాత వేరొక పేరుతో అదే వ్యాపారం. బోర్డుపై అక్షరాలు మారినవి. పరీక్షలో వచ్చే ప్రశ్నలను దొంగతనంగా సేకరించి ‘డంపులు’ అని అమ్మడం కూడ రహస్యం కాదు. అట్లా నెగ్గినవానికి పని రాదు. నిజంగా చదివి నెగ్గినవాని కాగితానికి విలువ తగ్గుతుంది.

ఆర్థికశాస్త్రంలో దీనికొక సిద్ధాంతం ఉన్నది. మైకేల్ స్పెన్స్ అనే ఆచార్యుడు 1973లో ప్రకటించిన వ్యాసంలో చెప్పినదేమనగా, యజమానికి అభ్యర్థి సామర్థ్యం నేరుగా కనిపించదు. అందుచేత చదువును ఒక సిగ్నలుగా తీసుకొంటాడు. ఈయనకు 2001లో నోబెల్ బహుమతిలో భాగం లభించినది. మన సిగ్నలు సోదరులకు దీనిని వివరించవలసిన పని లేదు: అన్ని లైన్లకూ ఒకేసారి పచ్చదీపం వెలిగితే అది సిగ్నలు కాదు. జనరలు పెట్టె ఎక్కడానికి ఒకడు ప్లాట్‌ఫారం అంచుకు జరిగితే అందరూ జరుగుతారు. పెట్టెలో సీట్లు పెరగవు. ఎనిమిది మందిలో ఒక్కడికి సర్టిఫికెట్టు ఉన్ననాడు వానికి కొంత బలం. ఎనిమిది మందికీ ఉన్ననాడు అది లేనివానిని తీసివేయడానికి సాకు మాత్రమే.

అయితే సర్టిఫికెట్లన్నీ దండుగ అని తేల్చివేయడానికి మేము సిద్ధంగా లేము. ఆ గదిలోని అయిదుగురిలో ఒకరు రెడ్‌హ్యాట్ వారి పరీక్ష నెగ్గినారు. అందులో నాలుగు జవాబులిచ్చి సరియైనది గుర్తించమనే పద్ధతి లేదు. యంత్రం ముందు కూర్చుండబెట్టి పని చేసి చూపమంటారు. మన ట్రేడు టెస్టు వంటిది. ఆ చదువు వలన, అప్పటిదాకా అలవాటుగా చేస్తున్న పనికి కారణాలు తెలిసినవని ఆయన చెప్పినారు. ఆ సర్టిఫికెట్టుతోనే ఆయన గురుగ్రామ్‌లో వేరొక ఉద్యోగానికి ఇంటర్వ్యూ దాకా వెళ్లి, ఆ ఉత్తరువు చూపి ఉన్న చోటనే జీతం పెంచుకొన్నారు. ఇది గమనింపదగినది. ఉన్న కుర్చీలో కూర్చుండి అడిగితే పెరగని జీతం, లేచి వెళ్లగలనని చూపినప్పుడు పెరిగినది. కనుక చేసే పనికి సంబంధించి, చేసి చూపవలసిన పరీక్ష అయి, మరొక చోటికి దారి తీసేదైతే ఆ ఖర్చులో అర్థమున్నది. ఏజెన్సీ అడిగినది గనుక ఉన్న ఉద్యోగం నిలుపుకొనడానికి కట్టే ఫీజు మాత్రం మా దృష్టిలో ఫీజు కాదు, జీతంలో కోత.

ప్రభుత్వ సర్టిఫికెట్ల సంగతి వేరు. 1990లో ఆరంభమైన డోయక్ పథకం క్రింద ‘ఓ’, ‘ఎ’, ‘బి’, ‘సి’ అనే స్థాయిలు ఏర్పడినవి; ఆ సంస్థయే 2011 నుండి నీలిట్ అని పిలువబడుతున్నది. ఫీజు కంపెనీ పరీక్షలతో పోల్చితే తక్కువ, గడువు తీరిపోయే బెడద లేదు, ప్రభుత్వోద్యోగ ప్రకటనలలో గుర్తింపు ఉన్నది. బి.టెక్. చదివినవానికి దీని అవసరం తక్కువే. డిగ్రీ చదివి డేటా ఎంట్రీలో చిక్కుబడినవానికి మాత్రం ఇది మేలైన దారి. గ్రామీణ డాక్ సేవకుల ఎంపికకు అరవై రోజుల కంప్యూటరు శిక్షణ సర్టిఫికెట్టు అడిగిన రోజులలో ఊరూరా ఇన్‌స్టిట్యూట్లు లేచి, హాజరు లేకుండనే కాగితాలు అమ్మినవి కొన్ని ఉన్నవి. ప్రభుత్వం అడిగినంత మాత్రాన ప్రతి కాగితమూ ప్రభుత్వ సర్టిఫికెట్టు కాదు.

అన్నిటికంటె విలువైన సర్టిఫికెట్టు ఒకటి ఉన్నది. దానికి పరీక్ష లేదు, ఫీజు లేదు. దానిని ఎవరూ అడగడం లేదు. అది అనుభవ ధ్రువపత్రం. శ్రీకాకుళం సోదరుని కథలో మమ్ము కలవరపరచినది ఇదే. తొమ్మిదేళ్ల సర్వీసుకు ఆయన వద్ద ఉన్నవి మూడు చీటీలు. ఒకదానిలో ‘ప్రోగ్రామరు’ అని, రెండవదానిలో ‘సపోర్టు ఎగ్జిక్యూటివు’ అని, మూడవదానిలో కేవలం ‘రిసోర్సు’ అని వ్రాసి ఉన్నది! మనిషికి ‘రిసోర్సు’ అనే హోదా మేము అక్కడనే మొదటిసారి చూచినాము. చేసిన పని ఏమిటో ఏ చీటీలోనూ లేదు. తొమ్మిదేళ్లు ఒకే శాఖలో పనిచేసినాడని చెప్పే కాగితం ఆ శాఖ ఇవ్వదు, ఎందుకంటే ఆయన వారి ఉద్యోగి కాడు. అటువంటి మనిషి అమెరికా కంపెనీ కాగితం కొరకు పాతికవేలు కట్టబోతున్నాడు.

చట్టం ఏమంటున్నది? 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం క్రింద 1971లో చేసిన కేంద్ర నియమావళిలోనే, పని ముగిసినప్పుడు కాంట్రాక్టరు సర్వీసు సర్టిఫికెట్టు ఇవ్వవలెనని ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిభద్రతా స్మృతిలోనూ, కాంట్రాక్టు కార్మికుడు కోరినప్పుడు, చేసిన పని వివరాలతో కాంట్రాక్టరు అనుభవ ధ్రువపత్రం ఇవ్వవలెనని ఉన్నది. ఆ స్మృతిపై ఇతరత్రా మనకున్న అభ్యంతరాలు వేరు; ఈ ఒక్క నిబంధనను వదలుకోరాదు. ఏజెన్సీ వద్ద ఇంక్రిమెంట్లు, సాంఘిక భద్రత గల రెగ్యులరు ఉద్యోగిగా ఉన్నవాడు కాంట్రాక్టు కార్మికుని నిర్వచనంలోకి రాడని వాదించే వీలు ఉన్నది. గనుక ముందు నియామక పత్రం చదువుకోవలెను. కాని ఏడాదికొకసారి కొత్త కాగితం ఇచ్చేవారికి ఆ వాదన చేయడం సులభం కాదు.

అనుభవం కాగితం కంటె తక్కువది కాదని సుప్రీంకోర్టు కూడ చెప్పియున్నది. ఢిల్లీ ఖనిజాభివృద్ధి సంస్థ దినవేతన కార్మికుల కేసులో 1989లో వచ్చిన తీర్పు ప్రకారం, విద్యార్హతను చూడవలసినది ప్రవేశ సమయంలో. ఏళ్ల తరబడి పని చేయించుకొన్న తరువాత అర్హత లేదని స్థిరీకరణ నిరాకరించడం న్యాయం కాదు. ఇటీవలి తీర్పు మరింత దగ్గరిది. సేవాభవనంలో ప్రధాన కార్యాలయం గల కేంద్ర జల సంఘం వారు, దీర్ఘకాలం పనిచేసిన సఫాయీ కార్మికులను, తోటపని కార్మికుని 2018లో తొలగించినారు. వారికి విద్యార్హత లేదన్న వాదన కూడ ముందుకు వచ్చినది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చి, వారి సర్వీసులను క్రమబద్ధం చేయవలెనని ఆదేశించినది. వారు నేరుగా శాఖ నియమించిన వారు. ఏజెన్సీ ద్వారా వచ్చినవారికి ఈ తీర్పు తనంతట తానుగా వర్తించదు. ఆ మాట పిల్లలకు స్పష్టంగా చెప్పినాము. లేనిపోని ఆశలు కల్పించడం నాయకత్వం కాదు. అయితే రేపు ఏ న్యాయస్థానానికి వెళ్లినా మొదట అడిగేది నువ్వు అక్కడ ఎన్నాళ్లు, ఏ పని చేసినావు అని. క్లౌడు పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినవని కాదు.

ఏజెన్సీయే ఫీజు కడతామని ముందుకు వచ్చిన సందర్భాలు ఉన్నవి. మంచిదే. కాని దానితోపాటు వచ్చే బాండును చదువకుండ సంతకం చేయరాదు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు మూడేళ్లు పూర్తికాక ముందే రాజీనామా చేసిన ఉద్యోగి నుండి రెండు లక్షలు వసూలు చేయు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించినది. బాండు చెల్లదులే అనే పాత ధీమా ఇక పనికిరాదు. కట్టిన ఫీజు పదిహేను వేలు, బాండు లక్ష అయితే బేరం ఎవరికి లాభమో లెక్క వేసుకోవలెను.

ఇక మన వైపు నుండి చేయవలసినది. టెండరులో సర్టిఫికెట్టు అడిగితే, దాని ఫీజు, చదువుకొనడానికి వేతనంతో సెలవు, నెగ్గినవానికి పెంచిన రేటు అదే టెండరులో వ్రాసి ఉండవలెను; ఆ రేటులో కార్మికునికి చేరే భాగం ఎంతో కూడ వ్రాయవలెను. ఇది అసాధ్యమైన కోర్కె కాదు. కనీస వేతనం, ప్రావిడెంటు ఫండు చెల్లించినట్లు రుజువు చూపనిదే బిల్లు చెల్లించరాదనే షరతులు టెండర్లలో ఉంటున్నవి. ఇదీ అటువంటి షరతే. తపాలా, రైల్వే శాఖలు స్వయంగా కంప్యూటరు పనులకు మనుష్యులను తీసుకొనే చోట్ల మన శాఖా సంఘాలు ఈ ప్రశ్న లేవనెత్తవచ్చును. కౌంటరులో సర్వరు నిలిచిపోయినప్పుడు మనం ఫోను చేసే ఆ అజ్ఞాత కంఠం ఏ ఏజెన్సీదో, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నదో మనలో ఎందరు విచారించినారు? పర్మనెంటు ఉద్యోగులు కాంట్రాక్టు వారిని అతిథులుగా చూచే అలవాటు మనలోనూ ఉన్నది. ఆర్.కె. పురం పిల్లలు ఆ మాట మాతో అనలేదు, అనకుండనే అర్థమైనది.

మన సభ్యునికి మేము ఇట్లా జవాబు వ్రాసినాము. మూడు సర్టిఫికెట్ల ప్యాకేజీకి లక్షా ఇరవై వేలు ఇవ్వవద్దు. ఆ మూడింటిలో రెండు మీ అబ్బాయి చేసే పనికి సంబంధం లేనివి, అది అతడే ఒప్పుకొన్నాడు. శిక్షణాలయం వాడు కలిపి అమ్ముతున్నాడు. మిగిలినది అతడు రోజూ చేసే పనికి చెందినది, యంత్రంపై చేసి చూపవలసిన పరీక్ష. దానికి ఫీజు మాత్రం ఇవ్వండి. పుస్తకాలు, పాఠాలు ఉచితంగా దొరుకుతున్నవని అతని స్నేహితులే చెప్పినారు. దానికి ప్రావిడెంటు ఫండు ముట్టుకోవలసిన పని లేదు. ఫీజు కట్టే ముందు అతడు ఏజెన్సీకి ఒక దరఖాస్తు పెట్టవలెను: నాలుగేళ్లలో చేసిన పనుల వివరాలతో అనుభవ ధ్రువపత్రం ఇవ్వవలసినదని. దాని నకలు శాఖాధికారికి పంపవలెను, రిజిస్టరు పోస్టులో కాదు - ఆ పేరుగల సేవ 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయిన సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు - స్పీడు పోస్టులోనే, రసీదు భద్రపరచుకొని.

ఆ దరఖాస్తు నమూనా తెలుగులోను, ఇంగ్లీషులోను తయారుచేసి ఆ గదిలోని అయిదుగురికీ పంపినాము. ఇంతవరకు ముగ్గురు పెట్టినారు. ఒకరికి జవాబు వచ్చినది. ‘రిసోర్సు’ అనే మాట తీసివేసి ‘సీనియరు ప్రోగ్రామరు’ అని, చేసిన పనులు పదకొండు పంక్తులలో వ్రాసి ఇచ్చినారు. మిగిలిన ఇద్దరు ఎదురు చూస్తున్నారు. నమూనా కావలసిన సభ్యులు తమ శాఖా కార్యదర్శి ద్వారా వ్రాసి తెప్పించుకోవచ్చును.